నల్ల తెర వెనక ప్రార్థన

వీడియో ఉదయమే పిల్లల ఫోన్లలోకి వెళ్ళిపోయింది. అందులో ఏముందో లెక్కల టీచరుకు భోజనం బెల్లు కొట్టాక గాని తెలియలేదు.

ఆ కబురు తెచ్చింది ట్రైనర్. బడిలో కొత్తగా బిగించిన డిజిటల్ బోర్డులు ఎలా వాడాలో టీచర్లకు నేర్పడానికి వచ్చిన అమ్మాయి. ఎప్పుడూ గలగలలాడే మనిషి, స్టాఫ్ రూం గుమ్మంలోనే ఆగిపోయి చేత్తో సైగ చేసింది.

"టీచర్, ఒక్కసారి కంప్యూటర్ రూంకి వస్తారా?"

"ఇప్పుడే డబ్బా మూత తీశాను తల్లీ. తినేసి వస్తా."

"తినకముందే వస్తే మంచిది."

కంప్యూటర్ రూంలో ట్రైనర్ తలుపు దగ్గరగా వేసి, టీచరును కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించింది. తెర మీద వీడియో మొదలైంది. బొమ్మ ఏమీ లేదు. అంతా నలుపు. చెవుల్లో మాత్రం ఒక ఆడగొంతు స్పష్టంగా వినబడుతోంది.

"ఇది నా గొంతే," అంది టీచరు.

"మీదే."

"మరి నల్లగా ఉందేం?"

"బోర్డు మీద మీరు పెన్ను పెట్టేదాకా బొమ్మ రాదు టీచర్. కాని బటన్ నొక్కిన దగ్గర్నుంచీ మాట రికార్డవుతుంది."

"నువ్వు నాకా సంగతి చెప్పలేదు."

"చెప్పాను. అప్పుడు మీరు బటన్ ఏ రంగులో ఉందో రాసుకుంటున్నారు."

టీచరుకు యాభై దాటాయి. తాడూ పరికరం ఏదీ లేకుండా ఒక్క విసురుతో బోర్డు మీద గుండ్రంగా వృత్తం గీస్తుందని ఆవిడకు పేరు. డిజిటల్ బోర్డు బిగించిన రోజున ఆవిడ దాని మీద సుద్దముక్కతో రాయబోయిందని స్టాఫ్ రూంలో ఒక కథ తిరుగుతోంది. అది అబద్ధం. రాయబోలేదు, రాసేసింది.

అయినా నేర్చుకోక తప్పలేదు. బడి పై అంతస్తు మరమ్మతులో ఉంది. గదులు చాలవు. పదో తరగతి పిల్లలకు రోజు విడిచి రోజు బడి, మిగతా రోజు ఇంట్లో వీడియో పాఠం. వీడియో చేయడం రానివాళ్ళకు పదో తరగతి ఉండదని ప్రకటన వచ్చింది. ఆవిడకు పదో తరగతి అంటే ప్రాణం. అందుకని ముక్కున వేలేసుకుని చూస్తున్న కుర్ర టీచర్ల మధ్య కూర్చుని, ఎర్ర బటన్ నొక్కడం, పెన్ను పట్టడం, కాలర్‌కు మైకు తగిలించుకోవడం నేర్చుకుంది.

నేర్చుకోనక్కర్లేకుండా చిన్నప్పటినుంచీ వచ్చింది ఇంకొకటుంది. ప్రార్థన. ఆవిడ వెళ్ళే చర్చిలో ఎవరూ మనసులో ప్రార్థించరు. అందరూ ఒక్కసారే, ఎవరి మాట వాళ్ళు, గొంతెత్తి ప్రార్థిస్తారు. కొత్తవాళ్ళకు అది సంతలో ఉన్నట్టుంటుంది. అక్కడివాళ్ళకు మాత్రం అదే నిశ్శబ్దం. అదే అలవాటు టీచరు బడికీ తెచ్చుకుంది. పాఠం మొదలయ్యేముందు ఖాళీ గదిలో బెంచీ బెంచీ దగ్గరా ఆగి, దాని మీద చెయ్యి వేసి, అక్కడ కూర్చునే పిల్లల కోసం బయటికే ప్రార్థిస్తుంది. మైకు తగిలించుకుని, బటన్ నొక్కి, తెర నల్లగానే ఉంది కదా అని నిన్న సాయంత్రం కూడా అదే చేసింది.

ఇయర్‌ఫోన్లలో ఆవిడ గొంతు మొదటి బెంచీ దాటింది.

"...మా పొడుగోడికి బుర్ర ఇచ్చావు ప్రభువా, బద్ధకం కూడా ఇచ్చావు, అది వెనక్కి తీసుకో... రెండో బెంచీలో రేడియో. మనసు మంచిది తండ్రీ, నోరే ఆగదు. ఒక్కటంటే ఒక్క మాటైనా కడుపులో దాచుకునే శక్తినివ్వు..."

టీచరు చెయ్యి కుర్చీ అంచును పట్టుకుంది. తర్వాత ఏం వస్తుందో ఆవిడకు తెలుసు.

"...కిటికీ పక్కన మా పిచ్చుక. మైనస్ గుర్తు కనబడితే దాని చేతులు చల్లబడిపోతాయి. జైల్లో ఉన్న వాళ్ళ నాన్నను కాపాడు తండ్రీ. ఓడలో పనిచేస్తున్నాడని అందరికీ చెప్పుకు తిరుగుతోంది. పసిది, ఆ బరువు ఎన్నాళ్ళని మోస్తుంది..."

ఆ సంగతి పిచ్చుక ఒక్క టీచరుకే చెప్పింది. అది కూడా ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాకే. టీచరు మాట తప్పలేదు. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

"తీసెయ్యి," అంది. ఇయర్‌ఫోన్లు లాగేసింది.

"మిమ్మల్ని పిలవకముందే తీసేశాను."

"ఎంతమంది చూశారు?"

"అందరూ. పాఠం కదా." ట్రైనర్ తెర మీద ఇంకో పేజీ తెరిచింది. "కాని ఒక్క క్షణం ఆగండి. ఇది మీకు ఇంకా చూపించలేదు. ఒక్కొక్కరికీ ఒక గీత ఉంటుంది. చూసినంత మేరా నీలం. దాటేసిన చోట ఖాళీ."

గ్రాఫులు చెప్పే మనిషికి గ్రాఫు చదవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. టీచరు కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగింది.

"వీళ్ళందరి నీలం ఎడమ పక్కన మొదలవ్వలేదు. కాస్త ఆగి మొదలైంది."

"నల్ల తెర చూసి వేలితో ముందుకు తోసేశారు. నేనైనా అదే చేస్తాను."

"అంటే వాళ్ళు వినలేదు."

"వినలేదు."

టీచరు వేలు ఒక్కో గీత మీదుగా కిందికి దిగింది. రెండు గీతలు మాత్రమే మొదటినుంచీ ఉన్నాయి. ఒకటి చివరిదాకా నిండుగా ఉంది. రేడియోది. రెండోది నల్ల తెర ఉన్నంతసేపు సాగి, పాఠం మొదలయ్యే చోట తెగిపోయింది. పిచ్చుకది.

మర్నాడు బడి రోజు. పిచ్చుక రాలేదు.

టీచరు హాజరు పిలుస్తూ రెండో బెంచీ వైపు ఓ కన్నేసి ఉంచింది. రేడియోకు ఆ పేరు ఊరికే రాలేదు. ఉదయం ఆ పిల్ల చెవిన పడ్డ సంగతి ఇంటర్వెల్లుకల్లా మూడు సెక్షన్లూ తిరిగి, ముక్కూ చెవులూ మొలిపించుకుని మళ్ళీ ఆ పిల్ల దగ్గరికే వస్తుంది. ఆ రోజు రేడియో పై అంతస్తులో కారుతున్న నీళ్ళ గురించి మాట్లాడింది. వాచ్‌మన్ మీసానికి రంగేసుకున్నాడని మాట్లాడింది. వాళ్ళ బావ గురక గురించి మాట్లాడింది.

"పిచ్చుక ఏదే?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"జ్వరమేమో. నన్నడుగుతావేంటి, నేనేమన్నా డాక్టర్నా?"

అంతే. టీచరుకు భయం తగ్గకపోగా పెరిగింది. రేడియో ఆగిందంటే ఏదో పెద్దదే పేలబోతోందని లెక్క.

ఆ మధ్యాహ్నం పెద్ద మేడం పిలిచింది. హెడ్ మిస్ట్రెస్. వయసులో టీచరుకంటే చిన్నది, కుర్చీ మాత్రం పెద్దది.

"తల్లిదండ్రులందరికీ ఒక మెసేజ్ పంపుదాం టీచర్ గారూ. సాంకేతిక లోపం వల్ల వీడియోలో కొన్ని అనవసరమైన మాటలు చేరాయి, చింతిస్తున్నాం, అని."

"వద్దు మేడం."

"బడి పరువు సంగతి ఆలోచించండి."

"వినకూడనివాళ్ళు విన్నది ఒక్కరే. మీరు మెసేజ్ పంపితే ఆ మాటలేంటో అని మిగతావాళ్ళంతా వెతకడం మొదలుపెడతారు. ఎవరి ఫోన్లో ఏం మిగిలుందో మనకేం తెలుసు?"

పెద్ద మేడం పెన్ను కింద పెట్టింది. "మరి?"

"వాళ్ళింటికి నేను వెళ్తాను. ఎదురుగా నిలబడి చెప్తాను."

"చెప్పండి. కాని వచ్చే వారం ప్రీఫైనల్. అది రాయనివాళ్ళను ఫైనల్‌కు పంపను. ఆ రూలు ఎవరికోసమూ మార్చలేదు. ఆ పిల్ల రాకపోతే ఏడాది పోతుంది. అప్పుడు మీకు మళ్ళీ పదో తరగతి ఇవ్వలేను."

"ఆ పిల్ల ఏడాది పోయాక నాకు పదో తరగతి ఎందుకు మేడం?" అని టీచరు లేచింది.

పిచ్చుక వాళ్ళిల్లు ఒక సందు మలుపులో ఉంది. ముందు గదిలోనే ఇస్త్రీ బల్ల. గోడ పొడుగునా కొయ్యలకు ఊరందరి చొక్కాలూ వేలాడుతున్నాయి. పిచ్చుక తల్లి ఒక కాలర్ మీద పెట్టె నడిపిస్తూ తలెత్తింది.

"రండి టీచర్ గారూ. కూర్చోండి. అయ్యో, ఆ మడతల మీద కాదు, ఇటు."

టీచరు కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తల్లి పెట్టెను నిలువుగా ఆనించి మొత్తం వింది.

"ఓడ అని దానికి నేర్పింది నేనే," అంది చివరికి. "ఏం చెప్పాలమ్మా అని అడిగితే నోటికొచ్చింది చెప్పాను. ఓడైతే ఎప్పుడొస్తాడని ఎవరూ అడగరు కదా అనుకున్నా. రోజూ అడుగుతారని నాకేం తెలుసు?"

లోపలి గది పరదా కదిలింది. పిచ్చుక బయటికొచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. సన్నటి పిల్ల, కుదురుగా నిలబడటం చేతకాదు. ఇవాళ మాత్రం కదలకుండా నిలబడింది.

"మీరు దేవుడికి చెప్పారు. సరే," అంది. "అంత గట్టిగా ఎందుకు చెప్పారు టీచర్? ఆయనకు వినబడదా?"

టీచరు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది.

"అలవాటు," అంది. "నేను చేసినవి రెండు తప్పులు. నీకు మాటిచ్చి కూడా నోరు తెరవడం ఒకటి. మెషీన్ సంగతి పూర్తిగా తెలుసుకోకుండా దాని ముందు నిలబడటం రెండోది. రెండింటికీ నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

"డిలీట్ చేశారా?"

"చేశాం."

"విన్నవాళ్ళ చెవుల్లోంచి?"

"అది నా చేతిలో లేదు. కాని నువ్వు కాక విన్నది ఒక్కరే. మిగతావాళ్ళంతా ఆ ముక్క దాటేశారు. నా కళ్ళతో చూశాను."

పిచ్చుక గుమ్మాన్ని వదిలింది. "క్లాసంతా కాదా?"

"కాదు. ఒక్కరే."

"ఎవరు?"

పేరు టీచరు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే ఈ పిల్ల ఎల్లుండి బడికి వచ్చేస్తుందేమో. వెళ్ళి రేడియో జుట్టు పట్టుకుంటుందేమో కూడా. ఏదైతేనేం, వస్తుంది.

"చెప్పను," అంది.

"అదేంటి?"

"నీ సంగతి ఒకసారి బయట పెట్టాను. ఇంకో పిల్ల ఇంట్లో కూర్చుని ఏం విందో, ఎంతసేపు విందో ఇప్పుడు నీకు చెప్తే మళ్ళీ అదే పని చేసినట్టు."

"అయితే నేను రాను." పిచ్చుక గొంతు పెరగలేదు. "ప్రతి మొహమూ చూసి ఇదేనా, ఇదేనా అనుకుంటూ కూర్చోవాలా? ఇంక లెక్కలేం చేస్తాను?"

"టీచర్ గారితో అలాగేనా మాట్లాడేది?" అని తల్లి కసిరింది.

"మాట్లాడనీ అమ్మా. న్యాయంగానే మాట్లాడుతోంది," అంది టీచరు. వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

ఇంట్లో భర్త కుర్చీలో కూర్చుని పాత చెప్పుకు మేకు కొట్టుకుంటున్నాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి. అంతా విని, మేకు నోట్లోంచి తీసి అన్నాడు:

"నీ ప్రార్థన నేను వింటూనే ఉన్నాను ఇన్నేళ్ళుగా. నా షుగరూ నా బద్ధకమూ దేవుడికంటే ముందు పక్కింటివాళ్ళకు తెలుస్తున్నాయి. పక్కింటావిడ నన్ను చూడగానే కాఫీలో చక్కెర వేయనా వద్దా అని అడుగుతుంది."

"ఇప్పుడు నాకు నవ్వు రావట్లేదండీ."

"నవ్వమని కాదు. సరే, ఆ గీతలేంటి, మళ్ళీ చెప్పు. పిల్లలు ఇంట్లో చూసేదంతా నీకు కనబడుతుందా?"

"ఎక్కడ ఆపారో, ఎక్కడ దాటేశారో, అంతా."

"ఆ సంగతి వాళ్ళకు తెలుసా?"

టీచరు కూర తరుగుతున్న కత్తి కింద పెట్టింది.

"నా సీటు పైన అద్దం ఉండేది," అన్నాడతను. "వెనక ఎవరేం చేసినా కనబడేది. అద్దం అందరికీ కనబడేలాగే ఉండేది. అందుకే నన్నెవరూ ఏమీ అనలేదు. దాన్ని దాచి పెట్టుకుని చూసుంటే తన్నేవాళ్ళు."

ఆ సాయంత్రం టీచరు నోరు మూసుకుని ప్రార్థించడానికి కూర్చుంది. కుదరలేదు. మాట బయటికి రాకపోతే మనసు ఎటో పోతోంది. ఒకసారి రేపటి పాఠంలోకి, ఒకసారి పొయ్యి మీది పాలలోకి. మూడుసార్లు మొదలుపెట్టి నాలుగోసారికి పూర్తి చేసింది. పెన్ను పట్టి డిజిటల్ బోర్డు మీద మొదటి గీత గీసిన రోజున కూడా ఇంత చెమట పట్టలేదు.

తర్వాతి ఇంటి పాఠం వెళ్ళిన రోజున టీచరు తనంతట తానే గీతల పేజీ తెరిచింది. పిచ్చుక గీత ఉంది. బడికి రాని పిల్ల పాఠం చూస్తోంది. అదీ మామూలుగా కాదు. ఒకచోట నీలం మీద నీలం పడి ముదిరిపోయింది. అక్కడికి వచ్చి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వెళ్ళింది. దాని తర్వాత ఖాళీ.

టీచరు వీడియోను సరిగ్గా ఆ చోటికి జరిపి పెట్టుకుంది. జంట సమీకరణాలు. పైదానిలోంచి కిందిదాన్ని తీసేస్తున్న చోటు. తెర మీద తన చెయ్యి కింది వరుస గుర్తులన్నీ టకటకా మార్చేసింది. తన గొంతు, "తీసేస్తున్నాం కాబట్టి కింది గుర్తులన్నీ మార్చేయండి," అంది. ఆపైన ముందుకెళ్ళిపోయింది.

ఎందుకు మార్చాలో ఎక్కడా చెప్పలేదు.

టీచరు పాత వీడియోలు రెండు తెరిచింది. వాటిలోనూ చెప్పలేదు. సుద్దముక్క రోజుల్లో కూడా చెప్పిన గుర్తు లేదు. ఇన్నేళ్ళూ "మార్చేయండి" అంటే పిల్లలు మార్చేశారు. మార్కులొచ్చాయి. మిగతా గీతలు చూసింది. పిచ్చుక ఒక్కతే కాదు, క్లాసులో సగానికి సగం గీతలు అదే చోట ముదిరున్నాయి. ఎవరూ చెయ్యెత్తి అడగలేదు. చెయ్యెత్తకుండా అడిగిన ప్రశ్న ఆవిడకు ఇన్నాళ్ళకు కనబడింది.

మర్నాడు బడిలో పాఠానికి ముందు బోర్డు వైపు వేలు చూపించి చెప్పింది.

"ఇప్పుడు రికార్డవుతోంది. ఇది రానివాళ్ళు ఇంట్లో చూస్తారు. ముందు అందరికీ ఒక సంగతి చెప్పాలి. మీరు ఇంట్లో వీడియో చూసేటప్పుడు ఎక్కడ ఆపారో, ఎక్కడ దాటేశారో ఇక్కడ నాకు కనబడుతుంది."

పిల్లలంతా ఒక్కసారే అరిచారు. చెవులు చిల్లులు పడ్డాయి.

"అన్నీనా టీచర్?"

"అన్నీ."

"ఇది అన్యాయం టీచర్! ముందే చెప్పాలి కదా!"

"నాకూ మొన్ననే తెలిసింది. ముందే తెలుసుకోవాల్సింది."

పొడుగోడు మెల్లగా లేచాడు. "టీచర్, వీడియో పెట్టేసి నిద్రపోతే?"

"చూసినట్టే కనబడుతుంది. ఒకే పాఠం నువ్వు నాలుగుసార్లు చూశావని నేను నిన్న ఎంత మురిసిపోయానో నీకు తెలియదు."

నవ్వులు ఆగాక టీచరు గీత అంటే ఎలా ఉంటుందో పేర్లు లేకుండా చూపించింది. తన గీత ఎవరూ చూడకూడదనుకునేవాళ్ళు ఎక్కడ నొక్కి ఆపేసుకోవాలో కూడా చూపించింది. ఆపేసినందుకు ఎవరికీ మార్కులు తగ్గించనంది. పొడుగోడూ వాడి బెంచీ మొత్తమూ ఇంటికెళ్ళకముందే ఆపేసుకున్నారు.

గంట కొట్టి గది ఖాళీ అయింది. రేడియో మాత్రం సంచీ సర్దుతున్నట్టు నటిస్తూ ఉండిపోయింది.

"టీచర్."

"ఊఁ."

"ఆ రోజు మొదట్నుంచీ విన్నది నేనని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"వినలేదని చెప్పేదాన్ని." రేడియో సంచీ జిప్పు లాగింది, మళ్ళీ తీసింది. "నా నోటి గురించి దేవుడి దాకా వెళ్ళారేంటి టీచర్? మా అమ్మకు చెప్తే సరిపోయేది కదా?"

టీచరుకు నవ్వొచ్చింది. ఆపుకుంది. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"ఎందుకని?"

రేడియో ఆ ప్రశ్నకే ఆశ్చర్యపోయింది. "అది చెప్పే సంగతి కాదు కదా టీచర్. చెప్పే సంగతులు వేరే ఉంటాయి. వాచ్‌మన్ మీసం లాంటివి."

టీచరు బల్ల మీద కూర్చుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక పిల్లను ఇంత తప్పుగా అంచనా వేయడం ఇదే మొదటిసారో, తెలిసిరావడం మొదటిసారో ఆవిడకు అర్థం కాలేదు.

"పిచ్చుకకు నా పేరు చెప్పారా?"

"అడిగింది. చెప్పలేదు. ఎవరో తెలిస్తేగాని బడికి రానంది."

"అందుకా రావట్లేదు! జ్వరమని నేను అందరికీ చెప్తున్నా." రేడియో కిటికీ పక్క బెంచీ వైపు చూసింది. "నేను వెళ్ళి చెప్పనా?"

"అది నీ ఇష్టం. వెళ్ళమని నేననను. వద్దనీ అనను."

"కొడుతుందేమో."

"కొట్టినా కొట్టొచ్చు."

"చూడ్డానికి అలా ఉంటుంది గాని దాని చెయ్యి గట్టిది టీచర్," అని గొణుక్కుంటూ రేడియో వెళ్ళింది.

టీచరు ట్రైనర్‌ను పట్టుకుంది. "అమ్మాయ్, నీ ఫోన్‌తో నన్ను వీడియో తియ్యాలి. బోర్డు దగ్గర కాదు. మెట్ల దగ్గర."

"మెట్ల దగ్గరా?"

"మైనస్ గుర్తు అక్కడుంది."

బడి వెనక మెట్ల మీద, సిమెంటు బస్తాల పక్కన ఆ పాఠం తీశారు. టీచరు చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని మూడు మెట్లు దిగింది. "మైనస్ మూడు," అంది. "ఇప్పుడు దిగిన ఈ మూడు మెట్లనూ తీసేయాలి. అసలు దిగనట్టే చేయాలి. ఏం చేస్తాను?" మూడు మెట్లు ఎక్కింది. "ఎక్కాను. దిగడాన్ని తీసేయడమంటే ఎక్కడమే. అందుకే మైనస్ పోయి ప్లస్ వచ్చింది. ఇన్నాళ్ళూ ఇది చెప్పకుండా మార్చేయమన్నాను. తప్పు నాది." తర్వాత ఎక్కడాన్ని ఎలా తీసేయాలో చూపించడానికి మళ్ళీ దిగింది. రెండోసారి వీడియో తీసేటప్పటికి ఆయాసం వచ్చింది. మూడోసారి ఒక మేస్త్రీ సిమెంటు నింపిన గమేళా నెత్తిన పెట్టుకుని మధ్యలోంచి, "జరగండమ్మా," అంటూ పోయాడు. ట్రైనర్ అది కూడా ఉంచేసింది.

వీడియో వెళ్ళిన మధ్యాహ్నం టీచరు పేజీ తెరిచింది. పొడుగోడి వరసంతా బూడిదరంగు. గీతలు ఆపేసుకున్నవాళ్ళు. పిచ్చుక ఆపేసుకోలేదు. తన గీత టీచరుకు కనబడుతుందని తెలిసి కూడా వదిలేసింది. నీలం మొదటినుంచి చివరిదాకా ఒకే తీరున సాగింది. ఎక్కడా ముదరలేదు.

అంతకుమించి కబురేదీ రాలేదు. టీచరు మళ్ళీ ఆ సందులోకి వెళ్ళలేదు. వెళ్తే రమ్మని బతిమాలినట్టవుతుంది. రేడియో ఆ పని చేసిందో లేదో కూడా అడగలేదు. రెండో బెంచీలో రేడియో ఎప్పట్లాగే వాగుతోంది. మోచేతి దగ్గర చిన్న గీరు మాత్రం కొత్తది.

ప్రీఫైనల్ ఉదయం టీచరు అందరికంటే ముందు గదికి వచ్చింది. మొదటి బెంచీ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. పెదవులు కూడా.

"నిద్రపోతున్నారా టీచర్?"

పిచ్చుక గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో అట్ట, పెన్సిల్ డబ్బా.

"లేదు."

"ప్రార్థనా? మరి మాటలేవీ?"

"లోపలే. ఇంకా సరిగా రావట్లేదు, నేర్చుకుంటున్నా."

పిచ్చుక లోపలికొచ్చింది. "రేడియో మా ఇంటికొచ్చింది. ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని అమ్మ చెవులు తినేసింది. మా నాన్న ఊసే ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ, నేనే, అంది. గీరాను. ఊరుకుంది." కిటికీ పక్క బెంచీలో కూర్చుని అట్ట ముందు పెట్టుకుంది. "నేను మీకోసం రాలేదు టీచర్. పరీక్ష కోసం వచ్చాను."

"అదే చాలు."

"మీ మీద కోపం పోలేదు."

"ఉండనీ."

"మెట్ల వీడియో బాగుంది. కాని ఎక్కేటప్పుడు మరీ రొప్పుతున్నారు. ఆ ముక్క కత్తిరించేయాల్సింది."

"కత్తిరించడం నాకింకా రాదు."

"సులువే. పరీక్షలయ్యాక చూపిస్తా."

టీచరు తల ఊపి రెండో బెంచీకి వెళ్ళింది. అక్కడ కాసేపు. తర్వాత మూడోది. అలా ఒక్కోటీ దాటుకుంటూ కిటికీ దగ్గరికొచ్చి, చెయ్యి బెంచీ మీద పెట్టకుండా ఆగింది.

"ఇక్కడేం చెప్తారు?" అంది పిచ్చుక తలెత్తకుండా.

"నీ చేతులు చల్లబడకుండా చూడమని."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"నాన్న సంగతి?"

"నువ్వు వద్దంటే చెప్పను."

బయట వరండాలో పిల్లల అడుగుల చప్పుడు మొదలైంది. అందరికంటే ముందు రేడియో గొంతు వినబడుతోంది. పిచ్చుక డబ్బాలోంచి పెన్సిల్ తీసి, మొన వేలితో తాకి చూసుకుంది.

"చెప్పండి," అంది. "మెల్లగా."

టీచరు బెంచీ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. పిచ్చుక పెన్సిల్ చెక్కుకోవడం మొదలుపెట్టింది.